దొమింగాస్ కొన్న జోళ్లు

ఆవిరి పడవ కూత వినపడగానే దొమింగాస్ కర్రపెండలం రొట్టెల తట్టని చేపలమ్మే రొమానాకి అప్పజెప్పి లేచింది. చంకలో గుడ్డలో చుట్టిన జోళ్లు.

"కాళ్లకి తొడుక్కునేవి చంకలో మోస్తావేంటక్కా?" అంది రొమానా, ఎప్పట్లాగే.

"వాడు రానీవే."

"అదీ సంగతి! కొడుకు ముందు దొరసానిలా నడవాలని."

దొమింగాస్ నవ్వి పడవ వైపు నడిచింది.

జోళ్ల విషయంలో, నిన్నటిదాకా బానిసలమైన మాలో ఎవర్ని ఎవరు ఎగతాళి చెయ్యాలి లెండి! బానిస కాళ్లకి జోళ్లు కూడదని దొరల కట్టడి. బ్రెజిల్ మొత్తం బానిసలకి విడుదలని చట్టం రాగానే రేవంతా ఎగబడి కొన్నది అవే. పుట్టినప్పట్నుంచీ మట్టి తొక్కిన పాదాలాయె, ఒక్కరికీ పట్టి చావలేదు. తాళ్లు ముడేసి భుజాన వేసుకుని, ఆదివారం చర్చికి దర్జాగా వెళ్లేవాళ్లం. దొమింగాస్ మాత్రం తనవి ఎవరికీ చూపించేది కాదు.

ఆమె ప్రాణమంతా కొడుకు సిరియాకో మీదే. దొర వాణ్ణి ఎప్పుడో దక్షిణాన కాఫీ తోటలకి అమ్మేశాడు. ఈ రేవులోనే పడవ ఎక్కించారు. ఇప్పుడు అందరికీ విడుదలైంది కదా, రాకేం చేస్తాడు అనేది. దక్షిణం నుంచి దిగిన ప్రతివాణ్ణీ అడిగేది. పాపం, ఏ పడవా వాణ్ణి తీసుకురాలేదు.

ఆ రోజు దిగినవాళ్లలో ఒక మనిషి ఆమెను చూసి ఆగిపోయాడు. నెరిసిన గడ్డం, కాయలు కాసిన చేతులు. ఆమె చెవి కింద ఉన్న కాలిన మచ్చనే చూస్తున్నాడు.

"అమ్మా, నేను సిరియాకోని."

దొమింగాస్ అతన్ని ఎగాదిగా చూసింది.

"నా కొడుకు పేరూ అదే నాయనా. కాస్త పక్కకి జరుగు, ఈ జనంలో వాడు నలిగిపోతాడు."

జనం పల్చబడ్డారు. ఆఖరి మూట కూడా దిగిపోయింది. లోపలే ఎక్కడో నిద్రపోయి ఉంటాడంది. చంకలో మూట తీసి, ఎదురుగా ఉన్న అతని చేతికే ఇచ్చింది.

"కాస్త పట్టుకో నాయనా, చూసొస్తాను."

ఆమె ఒడ్డుకి వేసిన చెక్క మీదుగా పడవలోకి వెళ్లి, సిరియాకో, సిరియాకో అని బల్లల కింద వెతుకుతోంది.

అతను గుడ్డ విప్పాడు.

నాలుగేళ్ల పిల్లాడి జోళ్లు, రెండూ కలిపి అతని ఒక్క అరచేతిలో ఇమిడిపోయాయి.