ఆగిపోయిన అప్‌డేట్

“ఇది బతుకుతుందా, చచ్చిందా? ఆ ఒక్క ముక్క చెప్పు,” అన్నాడు లఖ్దర్.

తౌఫిక్ టీవీ రిసీవర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నాబా రేవు వెనక సందులో డిష్‌లూ టీవీలూ బాగుచేసే కొట్టు అతనిది. రిసీవర్ ముందువైపు ఎర్ర దీపం వెలుగుతోంది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

“అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయిందా, బాబాయ్?”

“పోయింది,” అంది వహీబా, తండ్రి నోరు తెరవకముందే.

“మా అత్తగారిదీ మీ వీధేగా. నిన్న సాయంత్రం అక్కడే ఉన్నాను. మాకు పోలేదే?”

తండ్రి వైపు చూడలేక వహీబా గోడకు వేలాడుతున్న రిమోట్‌ల వైపు చూసింది.

“మాది పాత ఇల్లురా. తీగలూ పాతవే. నువ్వు పని చూడు,” అన్నాడు లఖ్దర్.

తౌఫిక్ మూత విప్పి దుమ్ము ఊదాడు. “పాత ప్రోగ్రాం చెరిగిపోయింది. కొత్తది సగంలో ఆగింది. కంప్యూటర్‌కి తగిలించి మళ్లీ ఎక్కించి చూస్తాను. ఎక్కితే మీ అదృష్టం. లేకపోతే దీన్ని గోడకి మేకులు కొట్టుకోవడానికి వాడుకోవచ్చు.”

లఖ్దర్ నవ్వలేదు. ముప్పై ఏళ్లు వలలు లాగిన మనిషి. వసంతంలో గుండెకి ఆపరేషన్ అయ్యాక చిక్కిపోయాడు. కబురేదైనా మెల్లగా చెప్పాలని డాక్టరు వహీబాని పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

“బాబా, ఇంటికి పోదాం. ఇది రేపు తీసుకోవచ్చు,” అందామె.

“రేపెందుకు? మ్యాచ్ ఇవాళ.”

“కాఫీ హోటల్లో పెద్ద తెర పెట్టారుగా!”

“నలుగురి మధ్య కూచుని చూడలేనమ్మా. నా గుండె ఎలా కొట్టుకుంటుందో ఊరందరికీ తెలియాలా?”

తౌఫిక్ రిసీవర్ వెనక లావుపాటి తీగ బిగించి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. “ఇప్పుడు స్విచ్ వేస్తాను. ఎక్కుతున్నంతసేపూ ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. ఈసారి ఆగితే ఇక నా వల్ల కాదు.”

తెర మీద సన్నని పచ్చ గీత మొదలైంది. చీమలా పాకుతోంది.

కంప్యూటర్‌కీ రిసీవర్‌కీ కరెంటు ఇస్తున్న ప్లగ్గుల పెట్టె వహీబా కాలి దగ్గరే ఉంది. నిన్న తీగ లాగింది ఆమే.

తండ్రి అప్‌డేట్ పెట్టి, నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లాడు. అప్పుడే ఆమె ఫోన్‌కి స్నేహితురాలి సందేశం వచ్చింది: సోమవారం ఇక్కడి నుంచి దొంగచాటుగా ఇటలీకి బయల్దేరిన పడవ సార్డీనియా దగ్గర మునిగిపోయిందట. ఆ పడవలో తమ్ముడు మునీర్ ఉన్నాడు. ఎడారిలో చమురు బావుల దగ్గర పని దొరికిందని తండ్రికి చెప్పి వెళ్లాడు వాడు. నిజం తెలిసింది అక్కకి ఒక్కర్తికే. తండ్రి వార్తలు చూడకుండా ఒక్కరోజు గడవలేడు. ఏం చేస్తోందో తెలిసేలోపే ఆమె చెయ్యి తీగ మీద పడింది. ఆ తర్వాత ఫోన్ తెరవడానికి కూడా ధైర్యం చాలలేదు.

పచ్చ గీత సగం దాటింది. వహీబా కాలు నెమ్మదిగా ముందుకి జరిపింది. కాలి వేలితో పెట్టె స్విచ్ నొక్కితే చాలు.

“జరుగమ్మా,” అన్నాడు లఖ్దర్.

తన స్టూలు లాక్కొచ్చి, ఆమెకీ పెట్టెకీ మధ్య వేసుకుని కూర్చున్నాడు. “ఈసారి కరెంటు పోకుండా నేను చూసుకుంటాను.”

తండ్రికి అనుమానం వచ్చిందా? మ్యాచ్ కోసమే ఇంత పట్టుదలా? మ్యాచ్ అయ్యాక వార్తలు పెడతాడు. ఇంట్లో, తనొక్కర్తే ఉన్నప్పుడు ఆయన పడిపోతే ఏం చెయ్యాలి?

“రా, రా, రా,” అని తౌఫిక్ గీతని బుజ్జగిస్తున్నాడు. “ఇంకొంచెం... అల్లా నీకు మేలు చెయ్యా... ఎక్కింది!”

ఎర్ర దీపం పచ్చగా మారింది. మూల ఉన్న టీవీలో బొమ్మ వణికి నిలబడింది.

“బతికింది బాబాయ్! మీరు ఒక కాఫీ బాకీ!” అంటూ తౌఫిక్ మేడ మీది డిష్ తీగ తగిలించి మ్యాచ్ పెట్టాడు. అప్పటికే ఆటగాళ్లు మైదానంలోకి వస్తున్నారు. వీధి వీధంతా ఒక్కసారి అరిచింది.

“ఇది కాదు. ఇటలీ వార్తలు పెట్టు,” అన్నాడు లఖ్దర్.

“మ్యాచ్ మొదలవుతుంటే వార్తలేంటి బాబాయ్? మతి ఉందా?”

“పెట్టరా నాయనా!”

ఆ గొంతు విని తౌఫిక్ మారు మాట్లాడకుండా చానల్ మార్చాడు.

“వద్దు బాబా,” అంది వహీబా. తెర మీద సముద్రం కనబడింది. ఒక ఓడ, దాని పక్కన నారింజ రంగు లైఫ్ జాకెట్లు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. “మీకు చెప్పాల్సింది ఒకటుంది. ముందు అది కట్టెయ్యమనండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

తండ్రి చెయ్యి ఆమె చేతిని వెతికి పట్టుకుంది.

“పడవ సంగతి రేవులో విన్నాను. కళ్లు తెరువు తల్లీ, రక్షించిన వాళ్లలో మన మునీర్ ఉన్నాడేమో చూడు,” అన్నాడు లఖ్దర్.