నిండా ఛార్జింగ్

నా భార్య కరెంటు కారును పాడుచేసింది మా బావమరిదే. వాళ్లక్క పోయాక వారం రోజులు వాడుకుని తెచ్చి పడేశాడు. ఏడాది తర్వాత నేను తీస్తే, మూడొందల కిలోమీటర్లు పోయే బండి రెండొందలకే చతికిలబడింది. ఆ సంగతి నెలరోజులపాటు చుట్టాలందరికీ చెప్పాను. చివరికి వాణ్ణి మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాను.

"వీడేం చేశాడో వీడి ముందే చెప్పు."

మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూశాడు. "ఈయన నడిపినప్పుడు బాగానే ఉంది పెద్దాయనా. తర్వాత ఎక్కడ పెట్టారు?"

"మా రేకుల షెడ్డులో. నిండా ఛార్జింగ్ పెట్టి, వైరు కూడా తీయలేదు."

"ఎండాకాలం కూడానా?"

"ఏడాది పొడుగునా. ఆవిడ బండిని ఆకలితో మాడుస్తానా?"

"మేపి మేపి చంపారు. అంత వేడిలో నిండా ఛార్జింగ్‌తో కూర్చుంటే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది. వాడనప్పుడు సగమే పెట్టి, నీడలో ఉంచాలి."

బావమరిది నా వైపు తిరిగాడు.

"అక్క అదే చేసేది కదా బావా. సగం పెట్టి, గోడ నీడన నిలిపేది. పిసినారి ముండా అని నువ్వే తిట్టేవాడివి."

అంతకుమించి వాడు ఒక్క మాట అనలేదు. అందుకూ వాడి మీద కోపం వచ్చింది.

ఇంటికొచ్చి వైరు పీకేశాను. కారును తీసి గోడ నీడన నిలిపాను. తప్పు నాదేనని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇక ఈ ఊసు నేనెత్తను, ఎవరినీ ఎత్తనివ్వను.