వెనక చక్రం

"గూడవల్లి దాకానే వస్తాను. అక్కణ్ణుంచి ముందుకి రమ్మని మాత్రం బలవంతం చెయ్యకండి," అంది అక్షయ, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ.

"సరే. మీ అమ్మగారు రాత్రి ఫోన్లో అంతా చెప్పారులే," అన్నాడు మణికుమార్. సైకిల్ క్లబ్బు నడిపేది అతనే.

ఆదివారం తెల్లవారుజాము. బెంజి సర్కిల్ దగ్గర పన్నెండు సైకిళ్ళు బారుగా నిలబడ్డాయి. నెలకొక ఆదివారం కొత్తవాళ్ళ కోసమే. నెమ్మదిగా గన్నవరం దాకా తొక్కడం, అక్కడ ఇడ్లీ తినడం, తిరిగి రావడం. అంతే. ఆ అంతేలోనే గూడవల్లి ఉంది.

ఏడు నెలల కిందట గూడవల్లిలో, పక్కరోడ్డులోకి తిరుగుతున్న లారీ అక్షయ హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. చెయ్యి విరిగింది, లోపల రాడ్డు వేశారు. అప్పట్నుంచీ సైకిల్ వరండాలో దుప్పటి కిందే ఉంది. నిన్న అమ్మ సుధామణి తేల్చి చెప్పేసింది.

"రేపు ఆ క్లబ్బు వాళ్ళతో వెళ్ళు. గూడవల్లి దాటావా, సైకిల్ నీది. దాటలేదా, మధ్యాహ్నం పేరయ్య గారబ్బాయి వచ్చి కొనుక్కుపోతాడు. దాన్ని చూసి నువ్వు ఏడుస్తుంటే నేను చూడలేనే."

మణికుమార్ చప్పట్లు కొట్టాడు. "అందరూ వినండి. ముందు నేనుంటాను. అందరికంటే చివర ఉండే మనిషిని మేం తోక అంటాం. తోక ఎవర్నీ దాటదు, ఎవర్నీ వదలదు."

తర్వాత అక్షయ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అదుగో, ఆయన రత్తయ్య గారు. ఎప్పుడూ అందరికంటే వెనకే ఉంటారు. ఆయనతోనే ఉండు."

అరవై దాటిన మనిషి. పాత సైకిలు, హ్యాండిల్‌కి వేలాడుతున్న గుడ్డసంచి. అక్షయకి ఒళ్ళు మండింది. అంటే వెనకబడే ఈ పెద్దాయన్ని చూసుకునే తోక ఇవాళ తనేనన్నమాట! తాను దూర కంత లేదు, మెడకో డోలు!

రామవరప్పాడు దాటేసరికి ముందున్న సైకిళ్ళు కనుమరుగయ్యాయి.

"మీరు ముందు పదండి అంకుల్. నేను వెనక వస్తాను."

"వద్దు తల్లీ, నువ్వే పద. నీ వెనక చక్రం నాకు కనిపిస్తుంటే చాలు."

ఎంత చెప్పినా ఆయన వినలేదు. పక్కనుంచి లారీ వచ్చినప్పుడల్లా అక్షయ బ్రేకు పట్టుకునేది. వెనక ఆయన కూడా ఆగేవాడు. పాపం, ఆయాసం కాబోలు అనుకునేది. ఈయనతో ఇవాళ గన్నవరం చేరినట్టే!

"ఉన్నారా అంకుల్?"

"ఉన్నా, ఉన్నా."

గతుకు వచ్చినప్పుడల్లా ఆయన సంచి గలగలమంటోంది. ఎనికేపాడులో ఇక ఉండబట్టలేక అడిగింది. "ఇనప సామాను మోస్తున్నారా ఏంటి? ఇలా ఇవ్వండి, నేను తగిలించుకుంటాను."

"అలవాటైన బరువేలే తల్లీ."

నిడమానూరు దాటారు. కాసేపటికి గూడవల్లి బోర్డు కనబడింది. యాభై గజాల దూరంలో లారీలు ఒకదాని వెనక ఒకటి ఎడమకి తిరుగుతున్నాయి. అక్షయ కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మోచేతిలో రాడ్డు ఉన్నచోట సలుపు మొదలైంది. ఆమెకి భయంగా ఉంది, చచ్చేంత భయంగా ఉంది.

"ఏం తల్లీ, ఆగావు?"

"మీ కోసమే అంకుల్. అలిసిపోయారు కదా. వెనక్కి పోదామా?"

"పోదాం, నాకేం?" ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కాకపోతే ఇవాళ వెనక్కి పోతే మళ్ళీ సైకిలెక్కడం ఉంటుందా? ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా? అమ్మేస్తారు."

"అమ్మనివ్వకండి!" ఎక్కడలేని కోపం వచ్చింది అక్షయకి. ఎవరి మీదో ఆమెకే తెలియదు. "అమ్మేశాక ఇంకేముంటుంది అంకుల్? రోజూ ఆ ఖాళీ వరండా చూస్తూ కూర్చోవాలి."

"మరైతే నీ ఇష్టం. నువ్వు కదిలితే కదులుతా. నువ్వు ఆగితే ఆగుతా."

అక్షయ కళ్ళు తుడుచుకుంది. తను ఎలాగూ పిరికిదే. ఈ పెద్దాయనేం పాపం చేశాడు?

"నా చక్రాన్నే చూడండి. పక్కకి చూడొద్దు. రండి!"

ఒక లారీ తిరిగి వెళ్ళిపోయింది. రెండోది వేగం తగ్గించింది. అక్షయ కుడిచెయ్యి చాచి, ఆగమని ఊపుతూ తొక్కింది. "ఎడమకి అంకుల్, ఎడమకి! వస్తున్నారా?" హారన్ చెవులు పగలగొట్టింది. వేడిగాలి మొహాన కొట్టింది. "తొక్కండి అంకుల్, ఆపొద్దు!"

"వస్తున్నా తల్లీ, పద, పద!"

అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. వెనక్కి చూసేసరికి గూడవల్లి సెంటరు అర కిలోమీటరు వెనకుంది.

గన్నవరంలో ఇడ్లీ కొట్టు ముందు సైకిల్ దిగగానే ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, పేరయ్య గారబ్బాయిని రావద్దని చెప్పు." అవతల సుధామణి ఏడ్చేసింది.

రత్తయ్య అప్పటికే రెండో ప్లేటు ఇడ్లీ తింటున్నాడు. అక్షయ మణికుమార్ దగ్గరికి వెళ్ళింది. "తీసుకొచ్చేశానండీ ఆయన్ని! మధ్యలో వెనక్కి పోదామన్నా నేను వదల్లేదు."

"చాలా మంచి పని చేశావమ్మా." మణికుమార్ నవ్వు ఆపుకుంటూ క్లబ్బు పుస్తకం చేతికిచ్చాడు. "నీ పేరు పక్కన సంతకం పెట్టు."

పేజీకో ఆదివారం. తేదీ, వచ్చినవాళ్ళు, కొత్తవాళ్ళు, తోక. కొత్తవాళ్ళలో తన పేరుంది. రత్తయ్య పేరు లేదు. ఆమె గబగబా వెనక పేజీలు తిప్పింది. నిరుడు, అంతకు ముందేడు, ఆ ముందేడు.

తోక అన్నచోట, ప్రతి పేజీలోనూ, రత్తయ్య అనే రాసి ఉంది.