ఓడే జట్టుకి జీతం పెంపు

"పదివేల పెసోలా?" అన్నాడు గోర్యో. "ఒక్కొక్కడికా?"

"ఒక్కొక్కడికి. నెలకి," అన్నాడు కపితాన్ మెలెన్సియో, పచ్చిమామిడి ముక్కని రొయ్యల ఉప్పులో అద్దుకుంటూ.

దలగ్‌బాతో అనే వాడకి మెలెన్సియో పెద్ద, అంటే కపితాన్; పిలుపులో కప్. అతని కింద ఏడుగురు సభ్యులు, వాళ్లలో గోర్యో ఒకడు. సభ బాస్కెట్‌బాల్ కోర్టు పక్క గదిలో జరుగుతోంది. కోర్టుకి కొత్త రేకుల కప్పు వేశారు. గది కప్పు కారుతోంది. ఈ వాడలో ఏది ముఖ్యమో వాన పడితే తెలుస్తుంది.

సంగతేమిటంటే, వాడ జట్టులో పన్నెండు మంది. ఇప్పుడు తలా ఎనిమిది వేలు ఇస్తున్నారు. పక్క వాడ కుయాప్నిత్ కపితాన్ వచ్చి, తొమ్మిదిన్నర ఇస్తాను, జట్టు జట్టంతా నాతో వచ్చేయండి అన్నాడట. వాళ్లు ఆగాలంటే మనం పది ఇవ్వాలి. ఆ పది ఎక్కడిదీ అంటే, గోర్యో భార్య నడిపే భోజనశాల ముందు మురుగుకాలువకని తీసిపెట్టిన డబ్బు.

రెండేళ్లుగా ఆ కాలువ కాగితం మీద పారుతోంది. నీళ్లు మాత్రం భోజనశాలలో పారుతున్నాయి. పోయిన వానల్లో తిలాపియా చేప ఒకటి తనంతట తనే ఈదుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర ఆగింది. పట్టుకొచ్చే శ్రమ తప్పింది కానీ, తినడానికి వచ్చేవాళ్లు తప్పిపోయారు.

"ఈ ఏడాదీ కాలువ రాకపోతే కొట్టు మూసేసి మా అక్క దగ్గరికి పోతా," అని పొద్దున్నే చెప్పింది భార్య లోలింగ్. "ఇంటి ముందు కాలువ తవ్వించలేనివాడికి నవంబరులో మళ్లీ పోటీ ఒకటి."

అందుకే గోర్యో ఇవాళ నడుం బిగించుకుని వచ్చాడు.

"కప్, ఒక్క మాట. వీళ్లు ఎప్పుడైనా గెలిచారా?"

"పోయిన ఏడాది ఒకటి గెలిచారుగా," అంది సభ్యురాలు పురీతా.

"అవతలివాళ్ల జీపు దారిలో చెడిపోయింది అక్కా. అది గెలుపు కాదు, మెకానిక్ పెట్టిన భిక్ష."

అందరూ నవ్వారు. కపితాన్ కూడా నవ్వాడు. అదే గోర్యోకి మండింది.

"మొన్న నలభై ఒకటికి తొంభై ఏడు. ఆ ఎఫ్రెన్ ఆరడుగుల పైన రెండంగుళాలు. ఎగరమంటే మోకాలు నొప్పంటాడు. ఆ పొడుగుకి వాడి చేత వీధిదీపాలు మార్పించినా ఊరికి వెలుగొచ్చేది."

"వాడి మనసు మంచిది గోర్యో."

"ఎందుకు కాదూ. అవతలివాడికి బంతి అడక్కుండానే ఇచ్చేస్తాడు."

బయట కోర్టులో బంతి ఇనుప చట్రానికి తగిలి ఠంగుమంది. ఎఫ్రెనే అయ్యుంటాడు. ఇంకెవరి బంతీ అంత గట్టిగా తప్పదు.

"ఇక్కడి ఓటరు జాబితాలో పేరున్నవాడే ఆడాలని లీగ్ వాళ్ల నియమం," అన్నాడు గోర్యో. "సరే. దానికోసం మూడేళ్ల కిందట ఎండాకాలంలో సముద్రం ఒడ్డు నుంచి వీళ్లని తెచ్చుకుని పేర్లు రాయించాం. ఒక్కొక్కడి వెనక పెళ్లాం, తల్లి, తండ్రి, బావమరిది. వాళ్ల పేర్లూ రాయించాం. ఆడేవాడు ఒకడు, తినేవాళ్లు అయిదుగురు."

"ఇంటివాళ్లు పక్కనుంటే ఆటగాడికి ధైర్యం."

"ఆ ధైర్యంతోనే యాభై ఆరు పాయింట్లతో ఓడాం. ఇంకోటి చెప్పు కప్. లీగ్ ఆగస్టులో అయిపోతుంది. జీతం నవంబరు దాకా అని రాశారేంటి?"

"అలసిపోతారయ్యా. వరసగా ఓడటం తేలికనుకుంటున్నావా?"

గోర్యో లేచి నిలబడ్డాడు. "కుయాప్నిత్ వాళ్లకి పిచ్చెక్కింది. ఎక్కనీ. మన ఇంటి దరిద్రాన్ని డబ్బిచ్చి మరీ కొనుక్కుపోతామంటే అడ్డం పడతామా? ట్రైసికిల్ ఆటోల కిరాయి నేనిస్తా. దారిలో తినడానికి సేమ్యా మా లోలింగ్ వండి కడుతుంది."

పురీతా చప్పట్లు కొట్టింది. కపితాన్ మామిడిటెంక పక్కన పెట్టి చేతులెత్తమన్నాడు.

జీతం పెంచడానికి మూడు చేతులు లేచాయి. మూడు లేవలేదు. మిగిలింది గోర్యో. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, కాలువ అప్పుడే తవ్వేసినట్టు చూస్తున్నాడు.

"తేల్చేముందు ఇదొకసారి చూడు బావా," అంటూ కపితాన్ జేబులోంచి మడత కాగితం తీసి ముందుకు తోశాడు.

"ఎఫ్రెన్ చేసిన పాయింట్లా? దానికి ఇంత కాగితం దండగ."

గోర్యో కళ్లజోడు పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. వేలు ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. ఒక చోట ఆగింది. కప్పులోంచి చుక్క ఒకటి కాగితం మీద పడింది. గోర్యో దాన్ని చొక్కా అంచుతో జాగ్రత్తగా అద్దాడు.

బయట బంతి మళ్లీ ఠంగుమంది.

"ఆటగాళ్లన్నాక," అని గొంతు సవరించుకున్నాడు గోర్యో, "గెలుపోటములు చూడకూడదు."

చెయ్యెత్తాడు.

"మరి కాలువో?" అంది పురీతా.

"గుమ్మానికి ఇసక బస్తాలు వేయిస్తా అక్కా. క్రీడాస్ఫూర్తి అనేది ఒకటుంటుంది."

"ఇంట్లో ఏం చెబుతావ్?"

గోర్యో కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి కపితాన్‌కి ఇచ్చేశాడు.

అది మూడేళ్ల కిందటి నవంబరు ఎన్నికల ఫలితాల కాగితం. అందులో చిట్టచివర, ఏడో సభ్యుడిగా గోర్యో గెలిచింది నాలుగు ఓట్ల తేడాతో.