పెద్దమ్మ వంతు

బాగా తెలిసినవాళ్ళే చెరో మాట చెబితే, ఏమీ తెలియనివాళ్ళు దేవుణ్ణి ఏమని వేడుకోవాలి?

ఈ సందేహం నన్ను ఎన్నో ఏళ్ళుగా వదలడం లేదు. ఒక సాయంత్రం గుండె జబ్బుల వార్డులో చేరిన టీచరమ్మకూ అదే వచ్చింది.

చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం ఆమె గుండెలో ఒక వాల్వును పాడుచేసింది. అది సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి కారుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"లోహపు వాల్వు వేద్దాం సార్. జన్మంతా మన్నుతుంది," అన్నాడు వార్డు డాక్టరు.

"రక్తం పలచబడే మాత్ర కూడా జన్మంతా మింగాలి. ఈ అమ్మాయి పిల్లల్ని కనాలనుకుంటోంది. ఆ మాత్రతో కడుపులో బిడ్డకీ గండమే, తల్లికీ గండమే," అన్నారు పెద్ద డాక్టరు. ఆయన వేరే ఊరి నుంచి వచ్చి ఆపరేషన్లు చేసి వెళుతుంటారు.

"పోనీ, జంతువుల కణజాలంతో చేసింది వేద్దాం."

"ఈ వయసులో అది తొందరగా అరిగిపోతుంది. మళ్ళీ ఛాతీ కోయాలి. ఉన్నదాన్నే బాగుచేస్తే?"

"జ్వరం తిన్న వాల్వు సార్. బాగుచేసినా మళ్ళీ కారితే?"

"కారవచ్చు. కారకపోనూ వచ్చు. నా చేతిలో చాలావరకు నిలిచాయి."

ఇద్దరూ చెరో దారిన వెళ్ళిపోయారు.

టీచరమ్మ భర్త నీరసంగా నవ్వాడు. "పాత ఫ్యాను బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్నట్టుంది మన పని."

"ఫ్యానయితే రెండూ ఉంచుకుందువు. పెళ్ళాం ఒక్కతేగా!" పక్క మంచం మీంచి ముసలావిడ అందుకుంది.

వార్డంతా ఆవిణ్ణి సణుగుడు పెద్దమ్మ అంటారు. దుప్పటి కురచ అని సణుగుతుంది. కిటికీ తీస్తే సణుగుతుంది, వేస్తే సణుగుతుంది.

చిక్కేమిటంటే, పెద్ద డాక్టరు ఇక్కడికి రావడం మర్నాటితో ఆఖరు. ఆ రోజు ఆయన చేసేది ఒక్కటే ఆపరేషను. ఆ వంతు పెద్దమ్మది.

టీచరమ్మకు ఎల్లుండి వార్డు డాక్టరు చేతుల మీదుగా లోహపు వాల్వు. పరీక్షలన్నీ అయిపోయాయి.

భర్త సిగ్గు విడిచి పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దమ్మా, మీ వయసులో ఏ వాల్వు వేసినా సరిపోతుందట. మీ వంతు మాకు..."

పెద్దమ్మ కొడుకు లేచి నిలబడ్డాడు. లారీ నడుపుతాడు. మనిషీ ఇంచుమించు లారీ అంతే ఉంటాడు.

"ఈ తేదీ కోసం తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. మా అమ్మ వంతు జోలికి రాకండి బాబూ."

"నీకు నీ పెళ్ళాం ప్రాణం తీపయితే, నాకు నాది తీపి కాదా? వెళ్ళవయ్యా, నన్ను పడుకోనీ," అంటూ పెద్దమ్మ గోడ వైపు తిరిగింది.

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

పొద్దున్నే భర్త క్యాంటీన్ నుంచి కాఫీ తెచ్చాడు. గ్లాసు ఆమె పెదవుల దాకా వెళ్ళనే లేదు.

"నాకు మంచినీళ్ళు కూడా లేకుండా నోరు కట్టేశారు. నా ఎదురుగా కూచుని ఘుమఘుమలాడిస్తావా? నన్ను తీసుకెళ్ళేదాకా నువ్వూ ఏమీ ముట్టడానికి వీల్లేదు!"

పెద్దమ్మ గ్లాసు లాక్కుంది. తూలుకుంటూ వెళ్ళి పారబోసింది.

"ఎంత ఓర్వలేనితనం!" అన్నాడు భర్త.

"ఊరుకోండి. పోట్లాడే శక్తి లేదు నాకు," అంది టీచరమ్మ.

కాసేపటికి పక్క మంచం దగ్గర గోల మొదలైంది.

మత్తు డాక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ ఒడిలో బిస్కెట్ పొట్లం. మూతి చుట్టూ పొడి.

"తినకూడదని చెప్పాం కదమ్మా! కడుపులో తిండి ఉంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవాళ చెయ్యడం కుదరదు."

"ఆకలేసింది నాయనా. మరిచిపోయా."

కొడుకు తల బాదుకున్నాడు. "ఒక్క పూట నోరు కట్టుకోలేకపోయావా? తిండి మొహం చూడనట్టు!"

పెద్దమ్మ దుప్పటి అంచుతో మూతి తుడుచుకుంది. ఆ ఒక్కసారీ సణగలేదు.

పెద్ద డాక్టరు వచ్చారు. విషయం విన్నారు. ఇటు తిరిగారు.

"టీచరమ్మా, పొద్దున ఏమైనా తిన్నావా? తాగావా?"

"లేదండీ."

"అయితే నీ వాల్వు నేను బాగుచేస్తాను. పద."

ట్రాలీ కదులుతుంటే పెద్దమ్మ ఏదో అనబోయింది. టీచరమ్మ మొహం తిప్పుకుంది.

వాల్వు నిలిచింది.

కొన్నేళ్ళకు టీచరమ్మ బిడ్డను ఎత్తుకుని పరీక్షకు వచ్చింది. వార్డు సిస్టరు బిడ్డను అందుకుని తనివితీరా చూసింది.

"ఆ సణుగుడు పెద్దమ్మ ఎలా ఉంది సిస్టర్? ఇప్పటికైనా నోరు కట్టుకుంటోందా?" నవ్వుతూ అడిగింది టీచరమ్మ.

"నీ ఖాళీ వంతు వరసలో ఉన్న ఇంకొకరికి వెళ్ళింది. ఆవిడకు ఇంకో తేదీ ఇచ్చామమ్మా. అది రాకముందే పోయింది."

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఆవిడకు నేనో మాట బాకీ పడ్డాను. నిన్ను లోపలికి తీసుకెళ్ళాక నా చేత ఒట్టు వేయించుకుంది. బిడ్డ పుట్టాకే నీకు చెప్పాలట. ముందే తెలిస్తే దిగులుతో ఆరోగ్యం పాడుచేసుకుంటావట."

"ఏం మాట?"

సిస్టరు బిడ్డను టీచరమ్మ చేతుల్లో పెట్టింది.

"ముందు రోజు మీ ఆయన అడిగి వెళ్ళాక నన్ను పిలిచింది. తన వంతు తప్పితే ఎవరిని తీసుకెళ్తారని అడిగింది. పరీక్షలన్నీ అయి, కడుపు ఖాళీగా ఉన్నవాళ్ళని, అన్నాను. ఊరికే అడిగిందనుకున్నాను. కొడుకుకు తెలిస్తే ఒప్పుకోడుగా, అందుకని ఆవిడ ఎవరితోనూ అనలేదు."

టీచరమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నీ కాఫీ పారబోసి వచ్చింది," అంది సిస్టరు. "ఆ తరవాతే ఆ పొట్లం విప్పింది."