నోటి వంట

గంజి తాగేసిన రేకు గిన్నెలు పక్కన బోర్లించి, ఇరవై మంది ఆడవాళ్ళు వెదురు తడికల షెడ్డులో గుండ్రంగా కూర్చున్నారు.

సాయంత్రం నాలుగయ్యాక వాళ్ళకున్న వినోదం అదొక్కటే. రోజుకొకరు నోటితో వంట చేస్తారు. మిగిలినవాళ్ళు చెవులతో తింటారు.

ఆకలి రుచెరగదంటారు. ఆ మాటన్నవాడెవడో జావాలో, ఈ జపాన్ వాళ్ళ ఖైదు శిబిరంలో రెండేళ్ళు ఉండి చూడాల్సింది.

ఇవాళ వంతు కొర్నేలియాది.

తేయాకు తోట దొరగారి భార్య. డచ్చి దొరసాని. భర్తను జపాన్ సైనికులు ఎటు తీసుకుపోయారో తెలియదు. పిల్లల్లేరు. షెడ్డులో ఆమెను పనిగట్టుకుని పలకరించేవాళ్ళూ లేరు. ఈ ఒక్క వంట కుదిరితే రేపట్నుంచి తనూ నలుగురిలో ఒకతె అవుతానని వారం రోజులుగా ఆశపడుతోంది.

"కోడి ఓపోర్," అంది గొంతు సవరించుకుని. "కొబ్బరిపాల కూర."

"అబ్బబ్బ!" అన్నారెవరో వెనకనుంచి.

"ముందు చిక్కటి కొబ్బరిపాలు పొయ్యిమీద పెట్టి, తెర్లేదాకా బాగా మరగనివ్వాలి..."

"ఆగాగు తల్లీ!" బెట్ చెయ్యెత్తింది. బెట్ తండ్రి డచ్చివాడు, తల్లి జావా మనిషి. "పాలు విరిగి చచ్చాయి! చిక్కటి పాలు దించేముందు కదా పోసేది? నువ్వెప్పుడైనా వంటింటి గడప తొక్కావా?"

షెడ్డంతా నవ్వింది. కొర్నేలియా చెవులు ఎర్రబడ్డాయి.

"తొక్కలేదు. మా కొక్కీ వండేది. నాకు వాసన ఒక్కటే తెలుసు."

కొక్కీ అంటే వంటమనిషి. ప్రతి డచ్చి ఇంట్లోనూ ఒక కొక్కీ ఉండేది కాబట్టి నవ్వు కాస్త తగ్గింది.

వంటలన్నీ అట్టముక్కల మీద రాసిపెట్టే ట్రూస్ ఆంటీ పెన్సిలు ముక్క తీసింది.

"పోనీలేమ్మా, తప్పులు బెట్ దిద్దుతుంది. వండినామె పేరు పైన రాద్దాం. ఏం పేరు?"

"కొక్కీ."

"అది పని పేరు. మనిషి పేరు?"

పదకొండేళ్ళు ఆ చేతివంట తిన్న కొర్నేలియా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"మమ్మల్ని లారీలెక్కించిన రోజు వచ్చింది," అంది చివరికి. "అరిటాకు పొట్లం పట్టుకుని, జనంలో నాకోసం వెతుక్కుంటోంది. 'కొక్కీ!' అని ఎలుగెత్తి అరిచాను."

బెట్ నవ్వడం మానేసింది.

"వినపడలేదా?" అంది ట్రూస్ ఆంటీ.

"వినపడింది. కానీ ప్రతి లారీలోంచీ ఎవరో ఒకరు అదే కేక వేస్తున్నారు. ఆవిడ అన్ని కేకలకీ తిరిగి చూసింది. చూసి చూసి, పొట్లంతో ఇంటికెళ్ళిపోయింది."