ఆమె ముట్టని సంచి

డిక్కీ మూత పడలేదు.

డ్రైవర్ ఉమేశ్ రెండుసార్లు నొక్కి చూసి చేతులు దులుపుకున్నాడు.

"ఒక సంచి ఇంట్ల పెట్టి రాండ్రి అమ్మా. ఇంగ పట్టదు."

"ఏది పెట్టాల? అన్నీ కావాల్సినవే," అంది కృష్ణాబాయి.

సింగపూర్‌లో ఉన్న కూతురు హేమకు ఆరు రోజుల కిందట కడుపు కోసి బిడ్డను తీశారు. అక్కడ వండిపెట్టే దిక్కు లేదు. తుమ్మబంక, ఎండుఖర్జూరం, కొబ్బరి అన్నీ నేతిలో వేయించి, బెల్లంపాకం పట్టి కృష్ణాబాయి రెండు రోజులు పొయ్యి దగ్గరే నిలబడి అంటినుండలు చేసింది. అవి తింటేనే బాలింత నడుము నిలుస్తుందని ఆమె నమ్మకం. ఏ సంచి విడిచిపెట్టినా ఆ సంచి విడవదు.

"వెనక సీట్ల పెట్టుకో," అన్నాడు భర్త వెంకోబరావు, ముందు సీట్లో కూర్చుంటూ.

వెనక సీట్లో అప్పటికే ఒకావిడ ఉంది.

"సింధనూరు కాలువ దిక్కు ఆంధ్రోళ్ల క్యాంపు అమ్మ. మీ విమానమే. ఒక్కతే పోతున్నది, తోడుంటదని తీస్కొచ్చిన," అన్నాడు ఉమేశ్.

పేరు సౌభాగ్యలక్ష్మి. ఉతికిన నూలుచీర, ఒళ్లో ఒక చేతిసంచి. అంతకు మించి సామాను లేదు.

కృష్ణాబాయి ఉండల సంచిని ఆమె పక్కన పెట్టబోయింది. ఆమె చటుక్కున కిటికీకి జరిగింది.

"నాకు తగలకుండా పెట్టుకోండి వదినగారూ."

తగిలితే అరిగిపోతదా, అనుకుని కృష్ణాబాయి సంచిని తన ఒళ్లోనే పెట్టుకుంది.

కృష్ణానది వంతెన దాటేదాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ఉండబట్టలేకపోయింది.

"ఎవరి దగ్గరికి పోతున్నరు?"

"అమ్మాయి దగ్గరికండి."

"కాన్పుకా?"

"అయిపోయిందండి. వచ్చే నెలన్నారు. ముందే అయింది. టికెట్టు ముందుకి మార్చుకున్నాను."

"ఏం పిల్ల?"

"ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారంట. బతుకుద్దనే అన్నారు."

"తప్పక బతుకుతది. ఆడపిండం గట్టిది. మా హేమ ఏడో నెలల పుట్టింది, పిల్లికూనంత ఉండె. ఇప్పుడు నామీదనే నోరు చేస్తది."

సౌభాగ్యలక్ష్మి నవ్వబోయింది. నవ్వు పెదవుల దాకా రాలేదు.

"మరి బిడ్డకు ఏమేం తీస్కపోతున్నరు?"

ఆమె చేతిసంచి మీద చెయ్యి వేసుకుంది.

"ఒక చీరండి. అంతే."

"చీరనా? బాలింతకు చీరెందుకు? కారప్పొడి కావాల, నెయ్యి కావాల."

వెంకోబరావు ముందు సీట్లోంచి దగ్గాడు. ఇక చాలించమని ఆ దగ్గుకు అర్థం.

కృష్ణాబాయి చాలించలేదు. ఒక ఉండ తీసి అందించింది.

"తినుండ్రి. పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నరో లేదో."

"వద్దండి. ఇప్పుడు తీపి తినకూడదు."

"షుగరా?"

ఆమె తల ఊపింది. ఔనో కాదో తెలియలేదు.

జడ్చర్ల దగ్గర చాయ్ తాగటానికి దిగినప్పుడు కృష్ణాబాయి భర్త చెవిలో అక్కసు వెళ్లగక్కింది.

"చూసిన్రా? కన్నబిడ్డ కాన్పుకు చేతులూపుకుంట పోతున్నది. కాలువ కింద పొలాలున్నోళ్లే కదా. ఇంత పిసినారి తల్లిని నేను చూడలే."

"నీకెందుకే ఆ ముచ్చట."

విమానాశ్రయంలో సామాను తూచారు. ఎనిమిది కిలోలు ఎక్కువ. ఒక సంచి తీసేయాలని కౌంటర్‌లో పిల్ల చెప్పింది.

"ఉండలు తీసెయ్. ఉమేశ్ ఇంకా బయటనే ఉంటడు, వాపస్ పంపిద్దాం," అన్నాడు వెంకోబరావు.

"నిన్న ఫోన్‌ల ఏడ్చింది మీ బిడ్డ. కూసుంటే లేవనీకి వస్తలేదంట. కావాలంటే నా చీరలు తీసెయ్యుండ్రి."

"నీ చీరలు ఎనిమిది కిలోలున్నయా?"

కృష్ణాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక వరుసలోంచి సౌభాగ్యలక్ష్మి ముందుకొచ్చింది.

"ఆ సంచి నా పేరున వెయ్యమనండి. నాకు సామానేం లేదుగా."

వెంకోబరావు తటపటాయించాడు. "ఒకరి సామాను ఒకరు తీస్కపోవద్దంటరమ్మా. ఏమన్న అయితే మీ మీదికొస్తది."

"బాలింత తినేదేగా అన్నయ్యగారూ. నా మీదికి ఇంకేం వస్తుంది."

అయితే సంచిని మాత్రం ముట్టలేదు. "మీరే ఎత్తి పెట్టండి," అని రెండడుగులు వెనక్కి జరిగింది.

సాయం చేస్తూ కూడా ఏం బడాయి, అనుకుంది కృష్ణాబాయి.

సింగపూర్‌లో దిగాక బెల్టు మీద సంచి తిరుగుతూ వచ్చింది. అప్పుడూ ఆమె వేలితో చూపించింది తప్ప చెయ్యి పెట్టలేదు. వెంకోబరావే దించుకున్నాడు.

"ఒకదినం మా హేమ ఇంటికి రాండ్రి. మీ బిడ్డను గూడ తీస్కోని రాండ్రి," అంది కృష్ణాబాయి మర్యాదకు.

సౌభాగ్యలక్ష్మి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది.

"మీ అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి వదినగారూ. రోజూ ఒకటి దగ్గరుండి తినిపించండి."

అంతే. వెళ్లొస్తానని కూడా అనకుండా నడిచి వెళ్లిపోయింది.

"పోయొస్తనని ఒక్క మాట లేదు చూడుండ్రి," అని గొణిగింది కృష్ణాబాయి.

బయట అల్లుడు వాదిరాజ్ ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. దాని చీటీ మీద పేరు చదివి ఆగాడు.

"సౌభాగ్యలక్ష్మి ఎవరత్తా?"

కృష్ణాబాయి చూపించింది. కొంచెం దూరంలో గడ్డం మాసిన యువకుడొకడు ఆమె భుజం మీద తల ఆన్చి నిలబడి ఉన్నాడు. ఆమె అతని వీపు నిమురుతోంది.

"కార్ల కలిసింది. బిడ్డ కాన్పుకంట. ఒక్క చీర పట్టుకొచ్చింది."

వాదిరాజ్ సంచిని మెల్లగా కింద పెట్టాడు.

"ఆ పిల్లోడు మా ఆఫీసేనత్తా," అన్నాడు. "మొన్న కాన్పుల ఆయన భార్య పోయింది. పుట్టింటి చీర కట్టనిదే సాగనంపొద్దని ఆ పిల్ల తల్లి అన్నదంట, ఆ చీర కోసమే ఇంకా దహనం ఆపి పెట్టిన్రు."